ఖాళీగా వదిలిన గడి

మణుగూరు,
4-1-1989

లాలికి,

నేను బాగున్నాను, అక్కడ నువ్వూ పాపా బాగుండాలి.

పోయిన నెల పాపను ఎత్తుకుని కుసుమంచి బస్టాండులో పొద్దంతా నాకోసం చూసి తిరిగిపోయావని తెలిసినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. నైట్ షిఫ్టుకు గనిలోకి పోతే మరుసటి పొద్దున బయటికి వస్తాం. పడుకుని లేచేదాకా మాకు అది నిన్నటి తేదీయే. ఆ లెక్కన పన్నెండున వస్తానని రాశాను. బస్సు దిగింది పదమూడున.

అందుకే నిన్న డైరీ కొందామని బజారుకు పోయాను. షాపాయన రోజుకొక పేజీ ఉన్నది చూపించి, "ఆఫీసర్లు గిదే తీసుకపోతరు, మంచిగుంటది" అన్నాడు. నా డ్యూటీ ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో అయిపోతుంది, అది నాకెందుకు? జేబు డైరీ చెమటకు తడిసిపోతుంది. చివరికి పెద్ద గడుల గోడ క్యాలెండర్లు రెండు కొన్నాను. రెండింటిలోనూ నా షిఫ్టులు పెన్సిలుతో రాశాను. నైట్ షిఫ్టయితే రెండు గడులు కలిపి గీత గీశాను. ఒకటి దస్రు బావ తెస్తాడు. పాపకు అందనంత ఎత్తున తగిలించు.

మిరప కోతకు కూలీలు దొరికారా? అమ్మ మోకాళ్లకు మందు ఉందా? బావతో పచ్చడి పంపు. అమ్మకు నా దండాలు, పాపకు ముద్దులు.

ఈ పోస్టు కార్డు నలుగురూ చదువుతారు, మిగతాది రాయలేను. నెలాఖరున ఒక గడిలో ఏమీ రాయకుండా వదిలాను. ఆ రోజు నువ్వు బస్టాండుకు రావద్దు, నేనే నడిచి వస్తాను. అప్పటిదాకా పొద్దున లేవగానే ఆ గడిని ఒకసారి చూడు. డ్యూటీ దిగి వచ్చి నేనూ అప్పుడే చూస్తాను.

భీమ్లా