కట్టెల బూడిదే అద్దాలి

వీరేందర్,

బసంత్‌నగర్ పోతున్నాను, పొద్దుగూకినాక వస్తాను. మంచం కింద గంపలో మొలకలొచ్చిన ఆలుగడ్డలు విత్తనానికి దాచినవి, కూరకు తీయకు. ప్రతి ముక్కకూ ఒక మొలకైనా ఉండేలా కోసి, కోసిన వైపు బూడిద అద్ది నీడలో ఆరబెట్టు. కట్టెల బూడిదే అద్దాలి. పోయినేడు నువ్వు బొగ్గుల పొయ్యి బూడిద అద్దితే సగం మడి మొలవనే లేదు. మీ అమ్మ పెట్టిపోయిన విత్తనంలో ఇక మిగిలింది ఈ గంపే. ఆమె దవాఖానలో నీకోసం చూస్తూ చూస్తూ పోయింది. నువ్వు డ్యూటీ విడిచి రాలేదు. అది నేను మరవను.

బాపు

పొయ్యి పక్కన గిన్నెలో నాలుగు పెద్ద గడ్డలున్నాయి, వేపుకుని తిను. "మొదలు పిలగానికి తీసిపెట్టు, తర్వాతనే విత్తనం కొయ్యి" అని ఏటా ఆమె నాతో పోరేది. ఆమె మాట మీద తీశాను. నేను పెట్టాననుకోకు.