ల్యాబుకు వచ్చిన ముక్క

తెలకపల్లి,
17 నవంబరు 2024.

చెల్లె మనీషాకు,

ప్రభువు నిన్నూ, మరిదినీ, పసిబిడ్డనూ చల్లగా చూడాలని కోరుతూ అక్క రోజా రాస్తున్న ఉత్తరం. కాన్పుకు రాలేదని నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. అందుకే కాగితం పట్టాను. పత్తి ఏరడం మొదలైంది. మీ యేసయ్య బావ కల్వకుర్తి మార్కెట్‌కు పోయివచ్చాడు.

మా పక్కింటి హన్మమ్మ సంగతి నీకు చెప్పాలి. ఎండాకాలంలో ఆమె కాళ్లూ మొహమూ ఉబ్బాయి. నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి హైదరాబాద్ పంపారు. నేనూ వెంట ఉన్నాను. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే, ఏదో ప్రోటీన్ పేరుకుపోయి ఉంది. ఎముక మూలుగ జబ్బు వల్ల అయితే కీమో ఇవ్వాలట. అవునో కాదో మామూలు పరీక్షలకు తేలలేదు. ఆమె పెనిమిటి "కీమో అంటే మనిషి దక్కుతదా సారూ?" అని డాక్టరు ముందే ఏడ్చాడు.

ఏ ప్రోటీనో తెలియకుండా మందు మొదలుపెట్టనని డాక్టరు ఆ ముక్కను నువ్వు పనిచేసే ల్యాబుకు పంపాడు. ప్రోటీన్‌ను సన్నని తుంపులు చేస్తారట, యంత్రం ఆ తుంపుల బరువు తూస్తుందట, ఆ బరువులను బట్టి మీరు పేరు చెబుతారట. కంటికి ఆనని దాన్ని తూచడం! నా చెల్లె చేసే పని ఇదా అని ఒళ్లు పులకరించింది.

అది మూలుగ జబ్బుది కాదని మీరు తేల్చారు. ఒంట్లో ఎక్కడో రోగం చాలాకాలం దాగి ఉంటే పెరిగే ప్రోటీనట. వెతికితే వెన్నులో క్షయ బయటపడింది. ఇన్నేళ్ల నడుంనొప్పి మూటలు మోయడం వల్లే అనుకున్నాం! కీమో తప్పింది. టీబీ గోళీలతో ఉబ్బు తగ్గింది. కిడ్నీ ఎంత కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. అయినా మనిషి మళ్లీ వంట చేసుకుంటున్నది. "గా మిషన్ కాడ కూసున్న బిడ్డ సల్లగుండాలె" అని ఆ పెనిమిటి రోజూ ప్రార్థిస్తాడు.

నీ అక్క,
రోజా

తా.క.: హన్మమ్మకు ఏ రోగమూ లేదు, చేన్లో పత్తి ఏరుతున్నది. ఆ ముక్క నాది. పేరు రాయకుండా నంబరు వేసి పంపారు కాబట్టి నీకు తెలియలేదు. ఏడ్చింది మీ బావే. అప్పుడు నీకు ఏడో నెల, చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. "ఇగ దాస్తే నాకు ముద్ద దిగదు" అని ఇవాళ పట్టుబట్టాడు. వెన్ను క్షయ పిల్లలకు అంటుకుంటుందా అని డాక్టరును రెండుసార్లు అడిగాను, అంటుకోదన్నాడు. వచ్చే ఆదివారం వస్తున్నాం. బిడ్డను నా చేతికివ్వు.