కసారా కొండ మీద డేగల లెక్క

కామాఠిపుర, ముంబై
18 మార్చి 2025

పూజ్యులైన బాలమ్మ అత్తమ్మకు, నీ మేనకోడలు దర్శన పాదాలకు మొక్కి రాసేది.

ఇక్కడ ఇద్దరం వేళకు తిని తిరుగుతున్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? నీకు ఫోన్‌లో మాట వినిపించదు కాబట్టి కాగితం పట్టాను. వేసవి సెలవుల్లో నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలే ఇవి. మధ్యలో మరాఠీ దొర్లితే తిట్టుకోకు.

నీ ఉత్తరం అందింది. మాట పడిపోయిన మనిషికి ఆ బొంబాయిల ఏమున్నదే, ఉగాది ఎల్లంగనే వచ్చి మా తమ్ముడిని తోలుకపోత అని రాశావు. చదివి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నాయనకు పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. కాళ్లు బాగున్నాయి, కుడిచెయ్యి కొంచెం లేస్తోంది. మాటే రాలేదు, నా పేరు కూడా. అయినా సాయంత్రం పనినుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ఇంటిముందరి గ్యాలరీలో ఆయన తల కనిపించాలి నాకు. ఆ తల లేని ఇంటికి రావడం నావల్ల కాదు.

అందుకే ఆదివారం సంగతి నీకు చెప్పాలి. నేను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి మంగేష్ అనే ఆయన దుర్భిణి బాగుచేయించుకోవడానికి వస్తుంటాడు. చలికాలం మన దేశంలో గడిపిన డేగలు ఎండలు ముదరగానే హిమాలయాల అవతలికి వెళ్లిపోతాయట. ఏటా ఈ రోజుల్లో ఆయన, స్నేహితులు కొండెక్కి వాటిని లెక్కపెడతారు. ఈసారి మనుషులు తక్కువ పడి నన్నూ పిలిచాడు. పనిరోజుల్లో కనిపెట్టుకునే పక్కింటివాళ్లు ఆదివారం ఉండరు, నాయనను ఇంట్లో ఒక్కడినే వదల్లేక వెంట తీసుకుపోయాను. బైకుల్లాలో లోకల్ ఎక్కి కసారాలో దిగాం. కొండపైదాకా జీపు పోయింది.

పది దాటేదాకా ఉత్త ఆకాశమే. నాయన రాయి మీద కూర్చుని లోయలో మోదుగుపూలు చూస్తున్నాడు. ఎండపూట ఈయన్ని అనవసరంగా తెచ్చానేమో అని నన్ను నేను తిట్టుకుంటున్నాను. అప్పుడు లేచాయి అత్తమ్మా. మన కాళ్ల కిందినుంచి, లోయలోంచి. ఒక్కటీ రెక్క ఆడించలేదు. నువ్వు జొన్నలు తూర్పారబడితే పొట్టు లేస్తుందే, అట్లా చుట్టూ తిరుగుతూ వేడిగాలితో పైకి పోయాయి. మా ఎదురుగా వచ్చినప్పుడు ఒకదాని కన్ను కనిపించింది, పచ్చగా. దానికి మేము లేనే లేము, దానికి దాని దారే ఉంది. ఇంత పెద్ద పని ఏటా మన నెత్తిమీదే జరుగుతోంది, మనం నీళ్ల కుళాయి దగ్గర కొట్లాడుకుంటున్నాం. కొండమీద ఎవరూ నోరు విప్పలేదు.

విప్పింది నాయన. లాభం అన్నాడు.

అని ఆగాడు. పక్కకు తిరిగి చూశాడు. ఎవరూ పలకలేదు. కాసేపటికి రెండు అనీ, మూడు అనీ ఆయనే ఎత్తుకున్నాడు. వేలు పైకెత్తి ఒక్కొక్క పిట్టనూ పట్టుకుని నలభై మూడు దాకా పోయాడు. నేను ఏడుస్తూనే మంగేష్‌కు మరాఠీలో అందించాను. అతను చేతిలో ఉన్న లెక్కపెట్టే చిన్న యంత్రం మీట నొక్కుతూ పోయాడు. చివరికి అతనికి నలభై రెండే వచ్చాయి. పెద్దాయన మొదటిది మరిచిపోయి రెండునుంచి మొదలుపెట్టాడనుకుని, పర్వాలేదులే అని నాయన భుజం తట్టాడు. నాకు నవ్వొచ్చింది. మా వాళ్లు ధాన్యం కొలిచినా, ఇసుక గంపలు మోసినా ఒకటి అనరు, మొదటిదాన్ని లాభం అంటారు, నేనే ఆ మాట అందించలేదు అని అతనికి చెప్పాను. అతను నాయనకు దండం పెట్టి మీట ఇంకొక్కసారి నొక్కాడు.

కాబట్టి నాయనకు మాట వచ్చింది. నువ్వు ఆ ముసలి మోకాళ్లతో బస్సెక్కి రావద్దు. ఆయన్ని నా దగ్గరే ఉండనీ.

నీ మాట ఎప్పుడూ జవదాటని, ఈ ఒక్కదానికి మొండికేసిన
దర్శన

తా.క. పొద్దున కవరు అంటించబోయి ఆగాను. నీ దగ్గర అబద్ధం నిలవదు. కొండ దిగాక నాయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఇవాళ గ్యాలరీలో కూర్చోబెడితే నాగ్‌పాడా వైపు గద్దలు లేచాయి. లాభం అని మళ్లీ ఆగాడు, మళ్లీ పక్కకు చూశాడు. ఈసారి నేను గబుక్కున రెండు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అప్పుడు గుర్తొచ్చింది, మీ చిన్నప్పుడు కల్లంలో అవ్వ జొన్నలు కొలుస్తుంటే, ఆయన లాభం అనగానే రెండు అని నువ్వు అందుకునేదానివని నువ్వే చెప్పావు. ఆయన మళ్లీ లాభం అని గ్యాలరీ మెట్లవైపు చూస్తూ కూర్చున్నాడు. నువ్వు రా అత్తమ్మా. ఉగాదిదాకా కూడా ఆగకు.