బెజవాడలో నేను దిగని సంగతి

చిరంజీవి సౌభాగ్యవతి అన్నపూర్ణను అన్నయ్య మనసారా దీవించి రాస్తున్నది.

నేను బాగున్నాను. ఈ ముక్క ముందే రాయకపోతే దీనికోసం నువ్వు కాగితాలన్నీ తిరగేస్తావని మొదటే రాసేశాను. షుగరు అదుపులో ఉంది. కాళ్లూ కళ్లూ వాటి పని అవి చేసుకుంటున్నాయి. మీరందరూ ఎలా ఉన్నారో, ముఖ్యంగా మీ అత్తగారు ఎలా ఉన్నారో తెలియజెయ్యి.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావా? ఫోనులో అయితే నేను సగం చెప్పగానే నువ్వు "పోనీలే అన్నయ్యా" అంటావు. నాక్కావలసిందీ అదే కాబట్టి అక్కడితో ఆపేస్తాను. కాగితం ఎవరితోనూ పోనీలే అనదు.

అహ్మదాబాదులో ఎండలు ముదిరాయి. మన పెడన ఎండకి చెమట పడుతుంది. ఇక్కడి ఎండకి ఆ చెమట కూడా ఆరిపోతుంది. కలంకారీ అద్దిన గుడ్డ ఆరేసి వెనక్కి తిరిగేలోపు అప్పడంలా అవుతుంది. మా సేటుకి అది సంతోషం, నాకు బెంగ. మన దగ్గర పారే కాలవలో గుడ్డ జాడిస్తే ఎరుపు తేటపడి నవ్వేది. ఇక్కడ తొట్టిలో బోరు నీళ్లు. ఎరుపు దిగుతుంది గానీ చుట్టాలింట్లో మొహమాటపడే మనిషిలా ముభావంగా ఉంటుంది. సేటు మంచివాడు, నన్ను "మాస్టర్‌జీ" అంటాడు. ఐదో తరగతి గడప దాటనివాణ్ని మాస్టరనిపించుకోవడానికి ఇంత దూరం రావలసి వచ్చింది. తిండి మాటంటావా, పప్పులో బెల్లం వేస్తారు. మొదటిరోజు చెయ్యిజారి పడిందనుకున్నాను, మర్నాడు మర్యాద చేస్తున్నారనుకున్నాను, ఆ తరవాత నా పప్పు నేనే వండుకోవడం మొదలుపెట్టాను. ఇటు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే గోంగూర పచ్చడి పంపు. మూత మీద గుడ్డ కట్టు, నూనె కారుతుంది.

ఇక అసలు సంగతి.

మొన్న బావగారు పంపిన పార్శిలు అందింది. పంచెల చాపు, కండువా, పసుపూ కుంకుమా పొట్లం, శ్రావణి పెళ్లి లడ్డూలు. మేనమామకి పెట్టే బట్టలు. వాటిని మంచం మీద పరిచి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అంతలో ఆయనే ఫోను చేశారు.

"బట్టలు అందాయా బావగారూ?"

"అందాయండీ. ఇప్పుడివన్నీ ఎందుకండీ?"

"ఎందుకేవిటండీ, మేనమామకి పెట్టకుండా ఇంకెవరికి పెడతాం." ఆయనే మళ్లీ, "మావల్ల లోటు జరిగిందండీ. పెద్దవారు, మీరు మనసులో పెట్టుకోకూడదు," అన్నారు.

పెళ్లికి నేను రాలేకపోయాననీ, జనం మూలాన అహ్మదాబాదులో బండే ఎక్కలేకపోయాననీ కదా నీతో చెప్పాను. మీరంతా అదే నమ్మారనుకున్నాను.

"బెజవాడ స్టేషన్లో మిమ్మల్ని చూశానండీ," అన్నారాయన. "కిటికీ పక్కనే ఉన్నారు. నన్ను చూసి మొహం తిప్పేసుకున్నారు. పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. తరవాత అన్నపూర్ణకి చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. ఇదంతా మా అమ్మ నోటివల్లేనని పట్టుకుంది. అప్పట్నించీ అత్తాకోడళ్లకి మాటల్లేవు. అమ్మ వంటింట్లోకి రావడం మానేసింది. పళ్లెం గదిలోకి పంపిస్తే సగం తిని వెనక్కి పంపుతోంది. ముసల్దండీ, తెలిసి అనలేదు."

ఆవిడ అన్నదేమిటో నాకు గుర్తుంది. పెళ్లికి వారం ముందు నువ్వు ఫోను ఆవిడ చేతికిచ్చావు. "ఏం నాయనా, శ్రావణిని బుట్టలో పెట్టుకుని నువ్వు పీటల మీదికి తెస్తావా, నిన్నే బుట్టలో పెట్టుకుని మమ్మల్ని తెమ్మంటావా?" అంది. "అవతలి బుట్టలో మీరూ కూర్చుంటే కావడి తూగుతుంది అత్తయ్యగారూ," అన్నాను. ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ నవ్వు నీకు వినపడలేదు కాబోలు.

అన్నపూర్ణా, నేను అలగలేదు.

అలిగానంటే నమ్మడం మీ తప్పు కాదు. పెళ్లికి మంగళవాద్యం ఎంతో మేనమామ అలకా అంతే. నీ పెళ్లిలో మన పెద్దమావయ్య పప్పుచారులో ఉప్పు తక్కువైందని అలిగి, సంచీ పట్టుకుని మీ గుడివాడ స్టేషనుకి వెళ్లి, బందరు బండి ఎంతకీ రాకపోతే ఆకలేసి తిరిగొచ్చాడు. బండి లేటవడం వల్ల నిలబడ్డ చుట్టరికాలు మన వైపు చాలానే ఉన్నాయి. అలిగినవాడికి ఒక గౌరవం ఉంది. నలుగురూ బతిమాలతారు, బట్టలు పెడతారు. బావగారు ఫోను పెట్టేశాక నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? పోనీ, అలిగాననే ఉంచుదాం అని. నిజం కంటే అదే పరువుగా ఉంది. రెండు రోజులు అలాగే ఉంచాను కూడా. ఆ రెండు రోజులూ మీ అత్తగారి సగం పళ్లెం నా కళ్లముందు నుంచి కదల్లేదు.

నిజం రైల్లో జరిగింది. నాకు స్లీపర్ పెట్టెలో కింది బెర్తు దొరికింది, ముసలాడినని. టికెట్టు చేత్తో పట్టుకుని రాజాలా వెళ్లాను. వెళ్లేసరికి నా బెర్తు మీద ఆరుగురున్నారు. నన్ను చూసి పాపం సర్దుకున్నారు, కిటికీ పక్కన నాకు ఒక జానెడు మిగిలింది. ఈ బండికి ఇదివరకు స్లీపర్ పెట్టెలు ఎక్కువ ఉండేవట, జనరల్ పెట్టెలూ ఉండేవట. వాటిని తగ్గించి ఏసీవి తగిలించారని మా పెట్టెలోవాళ్లు చెప్పుకున్నారు. పెట్టెల్ని తగ్గించారు గానీ మనుషుల్ని తగ్గించడం ఎవరివల్ల అవుతుంది? వెయిటింగ్ లిస్టువాళ్లూ, అసలు ఏ లిస్టూ లేనివాళ్లూ అందరూ మాలోనే ఉన్నారు. సూరత్‌లో టీసీ తలుపు దగ్గర కనిపించాడు. మంగినపూడిలో స్నానానికి దిగబోయి అలలు చూసి ఆగిపోయినవాడిలా లోపలికి ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

బందరు పాసింజరులో మాత్రం జనం లేరా అంటావు. ఉంటారు, చేపల తట్టలతో సహా ఉంటారు. కానీ కౌతరంలో నలుగురు దిగుతారు, పెడనలో పదిమంది దిగుతారు, మనిషికి మధ్యమధ్యలో ఊపిరందుతుంది. ఇది దూరం బండి. ఎక్కినవాడు దిగడు. నడవలో పడుకున్నవాళ్లు, బెర్తుల మధ్య కూర్చున్నవాళ్లు, పై బెర్తులకి దుప్పటి ఉయ్యాల కట్టి అందులో పడుకున్నవాళ్లు. మా చివర రెండు లెట్రిన్లుంటే ఒకదానిలో సామాన్లు పెట్టుకుని ఒక సంసారం సూరత్ నుంచీ కాపురముంటోంది. రెండోదానిలో నిలబడి ప్రయాణం చేస్తున్నారు. పంపులో నీళ్లు లేవు.

ఇంత ఇరుకులోనూ నీ అన్నయ్య ఊరుకోలేదు. నాకు నలుగురు దొరికితే నోరు ఊరుకోదుగా. బందరు ఓడరేవు కథలు, ఉప్పెన కథలు, శ్రావణి పెళ్లి, బుట్ట, అన్నీ నాకొచ్చిన హిందీలో చెప్పాను. "ఫిర్ క్యా హువా, బాబా?" అంటూ తరవాతేమైందని అడుగుతారు. చెబుతాను. కథ అయ్యాక ఎవరో ఒకరు కిటికీలోంచి టీ ఇప్పిస్తారు. కథకో టీ. బల్లార్షా వచ్చేసరికి ఎన్ని కథలు చెప్పానో నా పొట్టకే తెలియాలి.

వరంగల్ దాటాక లేచాను. మా వరస దాటేసరికి కింద ఒకావిడ పసిదానికి పాలిస్తోంది. ఆవిడ వెనకాల ఇంకొకరు, ఆ వెనకాల ఇంకొకరు. అడుగు వెయ్యడానికి జాగా లేదు. జరగండమ్మా అనబోయాను. ఎక్కడికి జరుగుతారు? జరగడానికి చోటుంటే అక్కడా ఎవరో ఉండేవారు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఒక కుర్రాడు ఖాళీ సీసా ఇచ్చి, "దుప్పటి అడ్డం పట్టుకుంటాం బాబా, మేమంతా ఇంతే," అన్నాడు. ఎదురుగా ఆడవాళ్లున్నారు. పొద్దుటినుంచీ వాళ్లకి కథలు చెప్పిన పెద్దమనిషిని. వద్దన్నాను.

ఖమ్మం దాటాక అయింది. ఏమయిందో రాయడానికి కలం పట్టుకుని రెండుసార్లు లేచిపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. పంచె తడిసింది. నేనే తడుపుకున్నాను. అరవై ఆరేళ్లవాణ్ని, మీ ఇంటికి పెళ్లికి వస్తున్నవాణ్ని.

అది బెర్తు అంచు మీదుగా కిందికి కారింది. కింద నా కాళ్ల దగ్గర ఒక బీహారు ఆయన మూట మీద ఆనుకుని కూర్చున్నాడు. మద్రాసులో ఇళ్లు కట్టే పనికి వెళ్తున్నాడు. మూట తడిసింది. ఆయన మూట చూసుకున్నాడు, తలెత్తి నన్ను చూశాడు. పక్కనున్న తన నీళ్ల సీసా మూత తీసి, బెర్తు మీదా, నా ఒళ్లోనూ, నేల మీదా వంచేశాడు. "అరే, బోతల్ గిర్ గయా," అని, సీసా పడిపోయిందని అందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు.

అందరూ ఆయన మీద పడ్డారు. ఒకడు పశువన్నాడు. సామాన్లు తడిశాయని ఎదుటి బెర్తు ఆయన చెయ్యెత్తాడు. బీహారు ఆయన తలవంచుకుని అన్నీ పడ్డాడు.

ఇక్కడిదాకా అయితే నేను నీకు ఫోనులోనే చెప్పేవాణ్ని అన్నపూర్ణా. వయసు మీద పడింది, జనం దారివ్వలేదు, నీకూ జాలి కలిగేది. కానీ వాళ్లతో కలిసి నేనూ తిట్టాను. "పెద్దవాళ్లు కూర్చున్నచోట చూసుకోవద్దా? కళ్లు కనపడవా?" అన్నాను. ఎవరికీ అనుమానం రాకుండా ఉండాలని, అందరికంటే గట్టిగా అన్నాను.

"గల్తీ హో గయీ, బాబా," అని నాకే తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఎండలో ఆయనకి ఆ సీసా తప్ప వేరే నీళ్లు లేవు.

బెజవాడ వచ్చింది. జరీ కండువాతో బావగారు ప్లాట్‌ఫారం మీద పెట్టె పెట్టెకీ తొంగిచూస్తూ వస్తున్నారు. వెనక మగపెళ్లివారి తాలూకు ఇద్దరున్నారు. నీళ్లు ఒలికాయని చెప్పవచ్చు, నాకు కావలసిన అబద్ధం బీహారు ఆయన అప్పటికే తయారుచేసి ఇచ్చాడు. కానీ నీళ్లకి వాసనుండదు. ఇంకో పంచె బెర్తు కింద సంచీలో ఉంది, దాని ముందు ఎవరివో బస్తాలున్నాయి. బీహారు ఆయన నా మోకాలు తట్టి, "బాబా, విజయవాడ," అన్నాడు. "నాది కాదు," అన్నాను. సూరత్ నుంచీ నా మేనకోడలూ నా బెజవాడా అని వాళ్ల బుర్ర తినేసినవాణ్ని. ఆయన మళ్లీ అడగలేదు. అప్పుడే బావగారి కళ్లు నా కళ్లతో కలిశాయి. తల తిప్పేసుకున్నాను.

బండి కదులుతుండగా నువ్వు ఫోను చేశావు. ఎక్కలేకపోయాను, విపరీతమైన జనం అన్నాను. అందులో జనం ఒక్కటే నిజం.

ఒంగోలులో దిగాను. బస్తాల వెనకనుంచి నా సంచీ లాగి కిటికీలోంచి అందించింది ఆయనే. తీసుకుని వెనక్కి చూడకుండా నడిచాను. పంపు దగ్గర కడుక్కుని పంచె మార్చుకున్నాను. అక్కడినుంచి బస్సెక్కినా ముహూర్తానికి ముందే గుడివాడ చేరేవాణ్ని. అహ్మదాబాదులో ఉన్నానని చెప్పినవాడు సాయంత్రానికి మీ పందిట్లో ఎలా తేలతాడు? తిరుగు బండెక్కాను. మన పిన్ని కొడుకు శ్రావణిని బుట్టలో ఎత్తుకునేవేళకి నేను బల్లార్షాలో ఇడ్లీ తింటున్నాను. బుట్ట మోయడానికి పుట్టించిన చేతులవి.

నా మూలాన ఆ బీహారు ఆయన తిట్లు తిన్నాడు. ఆయనకి రాద్దామంటే పేరడగలేదు, ఊరడగలేదు. చేసినదానికి ఆయన దగ్గర తప్పు ఒప్పుకునే దారి నాకు లేదు. ఇప్పుడు మీ అత్తగారు నా మూలానే సగం పళ్లెం తింటున్నారు. ఆవిడ ఉండే గది మాత్రం నాకు తెలుసు.

బావగారికి నమస్కారాలు. ఆయన క్షమాపణ ఆయనకి తిరిగి ఇచ్చేస్తున్నాను, బట్టలు మాత్రం శ్రావణి చేతిమీదుగానే తీసుకోవాలని ఉంది, అది మీ ఇష్టం. శ్రావణికీ అల్లుడికీ నా ఆశీస్సులు. పిల్లకి నిజం చెప్పు, దాచకు. అత్తయ్యగారి పాదాలకి నా దండం పెట్టు. పెట్టి, అక్కడే కూర్చుని ఈ ఉత్తరం మొదటినుంచీ ఆవిడకి చదివి వినిపించు. ఖమ్మం దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించకు. ఆవిడకి సరిగ్గా వినపడదు.

నీ మేలు కోరే,
అన్నయ్య కోటేశ్వరరావు