మైదానానికి అవతల

అక్కా,

నాకేమీ కాలేదు, ముందు ఆ మాట నమ్ము. నువ్వు నర్సువి కాబట్టి నిన్నొకటి అడగాలి.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ కూతురిది మైదానానికి అవతల ఇల్లు. ఇప్పుడు మైదానంలో అడుగుపెడితే రెండు వైపుల నుంచీ కాలుస్తున్నారు. ఫోన్లు లేవు. అల్లుణ్ణి పట్టుకుపోయారు. ఆ అమ్మాయి ఒక్కతే ఉంది, నిండు నెలలు.

ఇంటావిడకి కళ్ళలో శుక్లాలు. అందుకని రోజూ నేనే కర్టెన్ చాటు నుంచి కెమెరా పొడుగు లెన్సుతో చూసి చెబుతున్నాను. బయటికి కనిపిస్తే తుపాకీ అనుకుంటారని భయం. యుద్ధాన్ని ఫోటోలు తీద్దామని వచ్చినవాణ్ణి, ఒక పిల్ల బట్టలు ఆరేసుకోవడం చూస్తూ కూర్చున్నాను.

"ఏం చేస్తోంది బాబూ?"

"బట్టలు మడతపెడుతోందండీ."

"ఒళ్ళు చేసిందా?"

"కాస్త చేసిందండీ."

అది ఒళ్ళు కాదక్కా, వాపు. మొహం, పాదాలు ఉబ్బిపోయాయి. నిన్నటి నుంచి తల పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంటోంది. ఫోటో ఉన్న కెమెరా కార్డు కవర్లో పెట్టాను, చూడు. ఏం చెయ్యాలో వెంటనే రాసి, ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు చేతికే ఇవ్వు. దుప్పటి మీద పెద్ద అక్షరాలతో రాసి కిటికీకి కడతాను.

అతని బండిలో నాకూ చోటుంది. ఈసారి చెక్‌పోస్టు దాటాక, బండి సామాన్లతో తిరిగొచ్చినా మనుషుల్ని మళ్ళీ ఎక్కించుకోనివ్వరట. కానీ నేను వచ్చేస్తే ఇక్కడ చూసి చెప్పేవాళ్ళు లేరు. అమ్మకి నువ్వే ఏదో ఒకటి సర్దిచెప్పు.

ఇంటావిడ పక్కనే కూర్చుని, ఏం రాస్తున్నావని అడిగారు. మీ అమ్మాయి కులాసాగా ఉందని మా అక్కకి రాస్తున్నానన్నాను.

"నవ్వుతోందని కూడా రాయి బాబూ" అన్నారు.

రాశానని చెప్పాను.

నీ తమ్ముడు