ముసలాయన జుట్టుకు వారసుడు

సెలూన్‌లో మొదటి కుర్చీ వెనక నిలబడే తల నెరిపించుకున్న నేను, బుద్ధి నిలకడగానూ, కత్తి పట్టే చెయ్యి వణకకుండానూ ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఒంట్లో జబ్బేమీ లేదు. వకీలుగారు కటింగ్‌కి వచ్చారు. ఆయన కుర్చీలో దొరికినప్పుడే పని చేయించుకోవాలి.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ మా ఆవిడకు సర్వహక్కులతో చెందవలసినది. వంటింటి కిటికీలోని గుండ్రటి చిన్న కాక్టస్ కూడా ఆమెదే. అది ఏటా నెత్తిన గులాబీరంగు పూలు చుట్టుకుంటుంది. పూసిన ప్రతిసారీ మా ఆవిడ నన్ను పనిలోంచి పిలిపించి మరీ చూపిస్తుంది, పెంచింది నేను కానట్టు! ఆ పిలుపంటే నాకు ప్రాణం.

2. నర్సుగా పనిచేసే మా అమ్మాయి ఈ వీలునామాను అమలు జరపవలసినది. చిన్నప్పటి నుంచీ నా వేళ్లలో ముళ్లు తీసీ తీసీ చెయ్యి తిరిగింది కనుక, ముళ్లు తీసే చిన్న పట్టకారు ఆమెకు.

3. బాల్కనీలోని కాక్టస్‌లన్నీ అల్లుడికి. మతిమరుపు మనిషి, నీళ్లు పోయడని ఇంటిల్లిపాదీ గోల. అందుకే ఇస్తున్నాను. ప్రేమ ఎక్కువైనవాళ్లు రోజూ నీళ్లు పోసి నా మొక్కలు ఎన్నింటిని కుళ్లబెట్టారో! "మామయ్యగారూ, ఇన్నాళ్లకు నాకు తగ్గ పని చూపించారు" అని పొంగిపోయాడు.

4. ఇక ముసలాయన. సెలూన్‌లో రెండు కుర్చీల మధ్య, కిటికీలో ఉన్న నిలువు కాక్టస్‌కు మేం పెట్టిన పేరు. ఒళ్లంతా పొడుగాటి తెల్లజుట్టు. వారం వారం నేనే దువ్వుతాను. ఒకసారి నేను ఊరెళితే, రెండో కుర్చీ నడిపే నా తమ్ముడు బేరాల్లేక దానికి కటింగ్ చేశాడు! అదీ పొట్టిగా, చుట్టూరా! "మరీ పెరిగిపోయింది కదన్నయ్యా, చూడలేకపోయాను" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కత్తిరించిన చోట ఆ జుట్టు మళ్లీ రాదు, పైన ఎదిగే కొత్త కాండానికే వస్తుంది. అది జరిగి ఏళ్లయింది, ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు. దువ్వెన కావాలన్నా కస్టమర్ల చేత అడిగిస్తాం. అంతకుముందు నా తల వాడే చేసేవాడు. ఇప్పుడు అద్దంలో చూసుకుంటూ నేనే కత్తిరించుకుంటుంటే వెనకంతా మెట్లు మెట్లుగా తయారైంది.

ఈ పొద్దున ముసలాయనను దువ్వుతుంటే దువ్వెన ఎక్కడా ఆగలేదు. పైనుంచి దిగిన కొత్త జుట్టు బోడి భాగాన్నంతా కప్పేసింది. అన్నివైపులా సమంగా ఎండ తగిలేలా కుండీని ఎవరో తిప్పుతూ వచ్చారు. నేను కాదు. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు. నాకు నవ్వాగలేదు, ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

5. కనుక ముసలాయన, దువ్వెనతో సహా, నా తమ్ముడికి. షరతు: దువ్వవచ్చు, కత్తెర తగలకూడదు. ఈ అంశం నేను పోయేదాకా ఆగనక్కరలేదు, సంతకం పడగానే అమలు. బదులుగా వాడు నా తల వెనకభాగం ఈ పూటే సరిచేయవలసినది. వీలునామాలో ఇలా కుదరదంటున్నారు వకీలుగారు. ఆయన తల సగమే అయింది, రాయక ఎక్కడికి పోతారు!

సాక్షి సంతకం తానే పెడతానని తమ్ముడు కలం లాక్కున్నాడు. ఆస్తి పొందేవాడు సాక్షిగా పనికిరాడని వకీలుగారు ఆపారు. "అయితే వచ్చి కూర్చో అన్నయ్యా" అని వాడు తన కుర్చీ దులిపాడు.

తేదీ: 2019 మే 18, శనివారం

సంతకం: మొదటి కుర్చీ అన్నయ్య

సాక్షులు:
1. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన
2. గడ్డం నిండా నురగతోనే రెండో కుర్చీలోంచి లేచి, నాకు చోటిచ్చిన బస్సు కండక్టరు