తేరు మోకు కాదవ్వా

ధర్మవరం, జూన్ 1999, శనివారం రాత్రి

తప్పు చీరలకొట్టు శెట్టిదే. కొట్టు పేరు రాసిన వేడిగాలి బెలూన్ రోడ్డున పోయేవాళ్లందరికీ కనబడాలని, కరెంటు తీగల పక్క మైదానంలోనే ఎగరేయించాడు.

సాయంత్రం బుట్ట నేల వదలగానే పడమటి గాలి దాన్ని తీగల వైపు తోసింది. వేలాడే తాళ్లను జనం గుడి తేరు లాగే మోకులా పట్టుకున్నారు. అందరికన్నా ముందు మా అవ్వ. బెలూన్ నడిపేవాడు పైనుంచి "వదలండి" అని అరుస్తుంటే ఇంకా గట్టిగా పట్టారు. బుట్ట తీగకు తగిలితే తాడు పట్టిన ప్రతి చేతికీ ప్రమాదమే. కరెంటు ఆఫీసులో పని కదా, జాగ్రత్తల కరపత్రం నాకు కంఠతా వచ్చు. బెలూన్ నడిపేవాడే వేడిగాలి వదిలేసి ఎలాగో కిందికి దించాడు.

నేను అవ్వను అందరి ముందే కసిరాను.

"ఇది తేరు కాదవ్వా, చస్తావు!"

"తేరు కాకుంటే ఇంతమంది ఏంటికి పట్టుకుంటారప్పా? మోకు ముట్టుకుంటే పుణ్యమని వచ్చినా."

తాడు ఒరుసుకుని ఎర్రబడిన ఆమె అరచేతికి ఇందాకే కొబ్బరినూనె రాశాను.

శెట్టి కూడా వణికిపోయాడు పాపం. అయినా రేపు మళ్లీ అక్కడేనట. తీగలు దాటి, దూరంగా ఉన్న తూర్పు బీడులో ఎగరేయమన్నాను. అక్కడైతే ఈ గాలికి తీగల వైపు రాదు.

"అంత బరువు ఆడికి ఎవరు లాగుతారబ్బా?" అన్నాడు.

గాలే తిరిగితే...? అప్పుడు ఎగరేయనివ్వను.

పుణ్యం కావాల్సిన వాళ్లందరూ రేపు పొద్దున ఆరుకు మైదానానికి రండి. గాలి నింపకముందే బుట్టను బండికెక్కించి, మోకు కట్టి బీడుకు లాగుదాం. మొదటి చెయ్యి మా అవ్వదే.